జీతం, పెళ్లి, అప్పు: మన తండాల పెళ్లిఖర్చు చరిత్ర

మన ప్రాంతంలో ‘జీతం’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలో పడేది ఒక జీతం. మన తాతల నాటి జీతం వేరు. “పిల్లోణ్ణి ఫలానా వారింట జీతానికి పెట్టాం” అంటే, ఏడాది పొడుగునా గొడ్లు కాయడానికో, సేద్యం చేయడానికో ఆసామికి ఒప్పజెప్పామని అర్థం. అలా కుదిరినవాణ్ణి జీతగాడు అనేవారు. ఆ జీతం వెనుక తరచూ ఒక అప్పు ఉండేది. ఆ అప్పు వెనుక చాలాసార్లు ఒక పెళ్లి ఉండేది.

ఇవాళ పెద్దారవీడు, దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు మన తండాల్లో మొదటి తరం ఉద్యోగులు కనిపిస్తున్నారు. ఉద్యోగం వచ్చి ఆరు నెలలు నిండకముందే ఇంట్లో పెళ్లిమాట మొదలవుతుంది. “ఉద్యోగస్థుడి పెళ్లి, నలుగురూ చెప్పుకునేలా చేయాలి” అంటారు బంధువులు. చెప్పుకునేది నలుగురే గానీ తీర్చుకునేది ఒక్కరే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ ఒక్కరూ మీరే కాబట్టి, మన పెళ్లిఖర్చు ఏ దారిన నడిచి ఇక్కడిదాకా వచ్చిందో ముందు మీరే తెలుసుకోవాలి.

ఎద్దులు ఆస్తిగా ఉన్న కాలం

సుగాలీలు, లంబాడీలు, బంజారాలు అని ఏ పేరుతో పిలిచినా, మన పూర్వీకులు ఎడ్ల మీద సరుకు మోసిన వ్యాపారులు. సముద్రతీరపు ఉప్పును నల్లమల కనుమల గుండా లోపలి ఊళ్లకు చేర్చేవారు. అక్కడి నుంచి ధాన్యం తెచ్చేవారు. ఎడ్లమందే ఆస్తి, అదే బ్యాంకు. పెళ్లి లెక్క కూడా ఎడ్లతోనే, కొంత రొక్కంతోనే జరిగేది. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్‌స్టన్ ఏడు సంపుటాల గ్రంథంలో లంబాడీల పెళ్లి పద్ధతులకు చోటు దొరికింది.

ఆ రోజుల్లో ఇచ్చేది మగపెళ్లివారు, పుచ్చుకునేది ఆడపిల్లవారు. తెలుగులో దాన్ని ఓలి అంటారు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం చదివినవాళ్లు ఇదీ అదీ ఒకటేనా అని అడుగుతారు. 1892లో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటకం పసిపిల్లల్ని ముసలివాళ్లకు అమ్మే దురాచారం గురించినది. మన ఓలి వెనుక ఉన్న ఆలోచన వేరు. ఒక ఇంట్లో మందను చూసుకునే, సరుకు ఎత్తే, బట్టలు కుట్టి అద్దాలు పొదిగే మనిషి మరో ఇంటికి వెళ్లిపోతోంది. ఆ కష్టానికి విలువ కట్టి ఇవ్వడమే ఓలి. అందులో లోపాలు లేవని కాదు. ఓలి ఇచ్చుకోలేని కుర్రాళ్లకు పెళ్లి ఆలస్యమయ్యేది, ఇచ్చామన్న అధికారం కొన్ని ఇళ్లలో కోడలి మీద పడేది. కానీ ఆడపిల్ల పుట్టుకను భారంగా లెక్కపెట్టే అవసరం ఆ పద్ధతిలో లేదు.

మరో సంగతి గమనించండి. ఎంత ఇవ్వాలో రెండు ఇళ్లే గుట్టుగా తేల్చుకునేవి కావు. సగాయి నాడు తండా నాయక్, కార్భారి, పెద్దలు కూర్చునేవారు. అందరి ఎదుట మాట కుదిరాక బెల్లం పంచేవారు. గోళ్ తిన్న తర్వాత మాట తప్పడానికి లేదు, కొత్తగా పెంచడానికీ లేదు. ఖర్చుకు ఒక హద్దు ఉండేది. ఆ హద్దును గీసింది తండా. పెళ్లికూతురు ఢావలో పాడుతూ ఏడ్చేది పుట్టింటిని వదులుతున్నందుకు. పుట్టింటిని అప్పులపాలు చేసి వెళ్తున్నందుకు కాదు.

ఎడ్లు పోయి అప్పు వచ్చింది

19వ శతాబ్దం చివరికి మన వైపు రైలు వచ్చింది. దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి వెళ్లే ఆ దారిలో ఉప్పు, ధాన్యం బండ్లకెక్కాయి. ఎడ్ల వ్యాపారం చితికిపోయింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశాక, తిరుగుతూ బతికే జాతుల మీద అనుమానపు చూపు కూడా పెరిగింది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఈలోగా మనవాళ్లు తండాలు కట్టుకుని స్థిరపడ్డారు. మెట్ట చేలు, కట్టెలు, కూలి, పాలేరుతనం బతుకుతెరువయ్యాయి.

ఆస్తి పోయినా ఆచారం పోలేదు. ఇదివరకు మందలోంచి తోలి ఇచ్చే ఎడ్లను ఇప్పుడు డబ్బు రూపంలో వెతకాల్సి వచ్చింది. డబ్బు షావుకారి దగ్గరో ఆసామి దగ్గరో ఉంది. తాకట్టు పెట్టడానికి మిగిలింది ఒంట్లోని కష్టమే.

ఇది మన ఒక్కరి కథ కాదు. విశాఖ ఏజెన్సీలో దీన్ని ‘గోతి’ అనేవారు. పెళ్లికి అప్పు తీసుకున్న కుర్రాడు ఆ అప్పు తీరేదాకా షావుకారి ఇంట పనిచేయాలి. అతని పని వడ్డీ కిందకే చెల్లు, అసలు అలాగే ఉండేది. కొడుకు కూడా అదే గోతిలోకి దిగేవాడు. దీన్ని ఆపాలని మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతాలకు ఒక రెగ్యులేషన్ తెచ్చింది. దేశం మొత్తానికి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రావడానికి 1976 దాకా పట్టింది. ఆ చట్టం కట్టుబానిసను విడిపించడమే కాదు, అతన్ని కట్టిపడేసిన అప్పును కూడా రద్దు చేసింది.

మన యువత గుర్తుంచుకోవాల్సిన ఒక తేడా ఉంది. గిరిజనులను వడ్డీ వ్యాపారుల నుంచి కాపాడేందుకు 1960లో, 1970లో వచ్చిన ప్రత్యేక రెగ్యులేషన్లు షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం. మన పశ్చిమ ప్రకాశం షెడ్యూల్డు ప్రాంతం కాదు. తండాల్లోని సుగాలీలకు గానీ, నల్లమల గూడేల్లోని చెంచు సోదరులకు గానీ ఇక్కడ ఆ గొడుగు లేదు. కాబట్టి అప్పు విషయంలో మన జాగ్రత్తే మనకు మొదటి రక్షణ.

ఓలి తిరగబడి కట్నమైంది

ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు 1956 నాటికే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 సవరణ చట్టంతో వచ్చింది. హాస్టళ్లు, చదువులు, రిజర్వేషన్లు వచ్చాయి. తండా నుంచి ఒక కానిస్టేబులు, ఒక టీచరు, ఒక కండక్టరు బయలుదేరారు. ఇది మన జాతి గెలుపే. కానీ అదే దారిలో మరొకటి కూడా తండాలోకి నడిచొచ్చింది. బయటి సమాజంలో ఉద్యోగం ఉన్న పెళ్లికొడుక్కి రేటు కట్టడం మనవాళ్లు చూశారు. ఓలి నెమ్మదిగా తగ్గింది, కట్నం నెమ్మదిగా పెరిగింది. ఒకటి రెండు తరాల్లోనే ఇచ్చేవాళ్లు పుచ్చుకునేవాళ్లయ్యారు, పుచ్చుకునేవాళ్లు ఇచ్చుకునేవాళ్లయ్యారు.

వరకట్న నిషేధ చట్టం 1961 జూలై 1 నుంచే అమలులో ఉంది. చట్టం ఉన్నా ఆచారం ఆగలేదు. దాని ఫలితం ఎంత దూరం వెళ్లిందో 1999లో బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి ఆడపసికందులను దత్తత పేరుతో అమ్ముతున్నారన్న వార్త దేశాన్ని కుదిపింది. పేదరికంతో పాటు కట్నం భయం కూడా దానికి ఒక కారణమని అప్పుడు గట్టిగా చర్చ జరిగింది. ఆడపిల్ల వెళ్లిపోతుంటే ఎడ్లిచ్చి విలువ కట్టిన జాతి, కొన్ని దశాబ్దాల్లో ఆడపిల్ల పుడితే ఎలా అని భయపడే స్థితికి చేరింది. మధ్యలో మారింది మన రక్తం కాదు, పెళ్లి లెక్క.

హద్దు గీసిన సందర్భాలూ ఉన్నాయి

పెరిగినదల్లా తగ్గదనుకోవడం తప్పు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా ఉద్యమమై 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మన పెళ్లిళ్లలో తాగుడు ఖర్చు ఎంత పెద్ద పద్దో అందరికీ తెలుసు. అది ఆచారం, ఆపలేం అన్న మాట నిజం కాదని ఆ తల్లులు చూపించారు.

రెండో సందర్భం మీ కళ్ల ముందే జరిగింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. వేలమంది పల్లె యువతకు, మన తండాల పిల్లలకు కూడా, ఒకేసారి ఉద్యోగాలొచ్చాయి. ప్రొబేషన్ కాలంలో నెలకు 15,000 రూపాయలు. ఆరు నెలలు తిరిగేసరికి కరోనా వచ్చింది. 2020లో పెళ్లికి 50 మందికి మించి రాకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. ఇంటి ముందు పందిరిలో, దగ్గరి బంధువుల మధ్య ఎన్నో పెళ్లిళ్లు జరిగాయి. ఆ జంటల పెళ్లి ఏమన్నా తక్కువ పెళ్లి అయిందా? ఎవరి పరువు పోయింది? నిబంధన ఎత్తేయగానే మళ్లీ ఫంక్షన్ హాలు, డీజే, డ్రోన్ కెమెరా వచ్చాయి. అంటే, హద్దు ఉంటే మనం అందులో ఇమడగలం. బయటివాళ్లు గీస్తే ఇమిడిన మనం, మనకు మనం ఎందుకు గీసుకోలేం?

15,000 జీతం, 3 లక్షల అప్పు

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక అబ్బాయికి కొత్త ఉద్యోగం, జీతం 15,000. పెళ్లికి 3 లక్షలు అప్పు చేశాడనుకుందాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 9,000. చేతిలో మిగిలేది 6,000. రెండేళ్లలో వడ్డీ కిందే 2,16,000 కట్టి ఉంటాడు. అసలు 3 లక్షలూ అలాగే ఉంటుంది. పని వడ్డీకి చెల్లు, అసలు అలాగే ఉండడం అనే పద్ధతికి ఏజెన్సీలో ఏం పేరు పెట్టారో పైన చదివారు.

అదే 3 లక్షలు బ్యాంకులో ఏడాదికి 12 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుకు తీసుకుంటే ఇఎంఐ సుమారు 10,000. అప్పు తీరుతుంది, నిజమే. కానీ మూడేళ్లపాటు ఇద్దరు మనుషులు, బహుశా ఒక బిడ్డ, 5,000 మీద బతకాలి.

మూడో దారి ఉంది. ఉద్యోగంలో చేరాక ఒక ఏడాది ఆగి, అబ్బాయి ఇంటివాళ్లు నెలకు 5,000, అమ్మాయి ఇంటివాళ్లు 5,000 దాస్తే ఏడాదికి 1,20,000 అవుతుంది. అప్పు లేకుండా, ఇంటి ముందు పందిరిలో, ఒక పూట భోజనంతో పెళ్లి చేయడానికి ఆ మొత్తాన్నే హద్దుగా పెట్టుకోండి. ముందు డబ్బు చూసుకుని తర్వాత పిలుపుల జాబితా రాయాలి. మనం చేసేది తలకిందులు: ముందు జాబితా రాసి తర్వాత అప్పుకు పోతాం.

చదివింపులను రాబడిగా లెక్కేయకండి. చదివింపుల పుస్తకంలో రాసిన ప్రతి రూపాయీ రేపు ఎవరో ఒకరి పెళ్లిలో మీరు తిరిగి పెట్టాల్సిందే. పాతకాలంలో తండావాళ్లు కట్టెలు, గింజలు, మంచాలు, చాకిరీ ఇచ్చి పెళ్లి నడిపించేవారు. ఆ సాయం ఖర్చును తగ్గించింది. ఇప్పటి చదివింపులు ఖర్చయ్యాక వస్తాయి.

ప్రభుత్వ సాయం ఉంటుందన్న ధీమాతో కూడా అప్పు చేయకండి. 2022 అక్టోబరు 1 నుంచి అమలు చేసిన కళ్యాణమస్తు పథకంలో షెడ్యూల్డు తెగల వధువుకు లక్ష రూపాయలని ప్రకటించారు. వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. కుటుంబ ఆదాయ పరిమితి పెట్టారు, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇంటికి వర్తించదన్నారు. ఇలాంటి సాయం పెళ్లయ్యాక, అర్హత తేలాక చేతికొస్తుంది. వస్తే సంసారానికి వాడుకోండి, పందిరికి కాదు.

ఖర్చు లేని ఒక పని మాత్రం వదలొద్దు. హిందూ వివాహ చట్టం, 1955 షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. మన పెళ్లికి ఆధారం మన ఆచారమే. రేపు పెళ్లి జరిగిందని నిరూపించుకోవాల్సి వస్తే ఇబ్బంది పడేది ఎక్కువగా ఆడపిల్లే. రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ప్రతి పెళ్లీ నమోదు చేయించాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మరో సంగతి: పెళ్లికి ముందు ఇచ్చిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాలి. ఫొటో ఆల్బంకు పెట్టే శ్రద్ధలో పదో వంతు ఈ కాగితాలకు పెడితే చాలు.

మళ్లీ తండాలో కూర్చుందాం

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నది అందరూ చెప్పే సామెత. ఒంటరిగా చేస్తే రెండూ కష్టమే. ఒక్క ఇల్లు ఖర్చు తగ్గిస్తే పిసినారి అంటారు. తండా అంతా తగ్గిస్తే అది కట్టుబాటు అవుతుంది. మన పెద్దల దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. ఓలిని తిరిగి తెచ్చుకోనక్కర్లేదు, తేకూడదు కూడా. పెళ్లి కోసం ఏ పక్షం ఏ పక్షానికి ఇచ్చినా నేటి చట్టం దాన్ని కట్నం కిందే చూస్తుంది. తిరిగి తెచ్చుకోవాల్సింది నలుగురి ఎదుట హద్దు గీసే ఆ అలవాటును. నాయక్, పెద్దలు, పొదుపు సంఘాల తల్లులు, ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు ఒకచోట కూర్చోవాలి. కట్నం లేదు, మందు లేదు, ఇన్ని విస్తళ్లకు మించి లేదు అని మూడు మాటలు పుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకంలో మొదటి సంతకం ఉద్యోగం వచ్చిన కుర్రాడిది కావాలి. ఎందుకంటే రేటు మొదట పెరిగింది అతని పేరు మీదే.

మన ముత్తాతలు అప్పు తీర్చడానికి జీతానికి కుదిరారు. వాళ్ల మునిమనవలు జీతం చూపించి అప్పు తెచ్చుకుంటున్నారు. తండాలో ఇక వినిపించే జీతం మన సంసారానికి, మన పిల్లల చదువుకు ఖర్చయ్యే జీతం కావాలి.