బొమ్మలాటయు బడిపిల్లలును



బాలుర విద్యను గూర్చి ప్రసంగించువారు తరచుగా పుస్తకమును, పలకను, పరీక్షను గూర్చియే ప్రసంగింతురు. నేనును ముప్పదియైదేండ్లు ఆ మూడింటితోడనే కాలము గడపిన యుపాధ్యాయుడను. అయినను రామాయణము నాకు మొదట తెలిసినది పుస్తకము వలన గాదు. 1968వ సంవత్సర ప్రాంతమున, పంట యిండ్లకు చేరిన పిదప, మాఘమాసపు చీకటి రాత్రి యొకనాడు మా యూరి చావడి ముందర తెల్లని తెర కట్టిరి. దానిపై మనిషంతటి హనుమంతుడు లేచి నిలిచి తోక విదల్చెను. కంబళ్లు కప్పుకొని నేలపై గూర్చున్న పిల్లల మందరము ఒక్కమారుగా వెనుకకు జరిగితిమి. తరువాత భాషాప్రవీణకు చదువుచు కావ్యములలో సుందరకాండ ఘట్టములను విమర్శించునపుడు సైతము నా కన్నులకు గట్టినవాడు ఆ తోలు హనుమంతుడే.

ఈ కళ మన దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమునకు వచ్చిన భక్తుల యాటపాటలను వర్ణించుచు బొమ్మలాటలను పేర్కొనినాడు. పదుమూడవ శతాబ్దివాడగు గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణము ఆటగాండ్రకు ముఖ్యాధారమైనది. అది ద్విపద కావ్యము. రెండేసి పాదములుగా సాగిపోవు ఆ ఛందస్సు వినువాని చెవిలో సులువుగా నిలుచును. పాడువాని నోట సులువుగా పలుకును. అక్షరము రాని కాపు సైతము అందలి ఘట్టములను విని గుర్తుంచుకొనుటకు ఇదియే కారణము. మరియొక విశేషము గలదు. ఈ బొమ్మలాడించు కుటుంబములలో పెక్కింటివారు ఇంట మాటలాడునది మరాఠీ సంబంధమైన ఆరె భాష. తెర వెనుక నిలిచినంతనే వారి నోట వెలువడునది తెలుగు ద్విపద. తమ యింటి భాష కాని భాషలో మన పిల్లలకు మన కావ్యమును తరతరములుగా వినిపించినవారు వారు.

బొమ్మల పనితనమును కొంత చెప్పవలెను. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు ప్రసరించునంత పలుచన చేసి, తల, మొండెము, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి దారముతో కూర్తురు. నగలుండవలసిన చోట్ల సన్నని రంధ్రములు చెక్కుదురు. ఆ రంధ్రములగుండ దీపపు వెలుగు ప్రసరించినపుడు తెరపై కిరీటములు మెరయును. పూర్వము తెర వెనుక ఆముదపు దీపములు వెలిగెడివి. యుద్ధ ఘట్టమున ఆటగాడు కాలి క్రింది చెక్కపలకలను త్రొక్కి పెళపెళ ధ్వనులు పుట్టించును. నడుమ నడుమ కేతిగాడును, బంగారక్కయు, జుట్టుపోలిగాడును వచ్చి నవ్వింతురు. తెల్లవారుదాక పిల్లలను మేల్కొలిపి యుంచినవారు వారే యనవచ్చును.

ఆట యూరికి వచ్చు విధమును మీరు మరచి యుండరు. ఊరి పెద్దలు ఆటగానికి తాంబూల మిచ్చి పిలుతురు. ఆట ముగిసిన పిదప ఇంటింట ధాన్యము కొలుతురు. కలిగినవారు వస్త్రము లిత్తురు. పిల్లలకు టిక్కెట్టు లేదు. కనుక నాడు ఏ సంస్థయు బాలురకు కళను నేర్పబూనలేదు. ఊరే ఆ పని చేసినది.

ఈ కుటుంబములనుండియే మరియొక శాఖ బయలుదేరినది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ నాటకము నాడించెను. సురభి నాటక సమాజమున కదియే యాది. ఆ వంశములవారు పూర్వము తోలుబొమ్మలాడినవారే. బొమ్మను పట్టిన చేయి తానే వేషము గట్టి రంగమెక్కినది. ఆ సమాజములలోని బిడ్డలు రంగస్థలము మీదనే పెరిగి, అక్కడనే పాటయు మాటయు నేర్చుకొనిరి.

పిమ్మట చలనచిత్రములు వచ్చినవి, దూరదర్శని వచ్చినది. చావడి ముందరి తెర తొలగిపోయినది. కళ యూరికి రాని కాలమున దానిని విద్యాలయములకు గొనిపోవలెనను సంకల్పము రాజధాని యగు ఢిల్లీలో పుట్టినది. కిరణ్ సేఠ్ అను ఇంజినీరింగు ఆచార్యుడు అమెరికాలో పరిశోధన చేయుచున్న దినములలో న్యూయార్కు నగరమున డాగర్ సోదరుల ధ్రుపద గానము విని చలించి, స్వదేశమునకు మరలి, 1977లో ఢిల్లీ ఐ.ఐ.టి.లో స్పిక్ మెకే యను స్వచ్ఛంద సంస్థను స్థాపించెను. తొలి దినములలో శ్రోతలు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. ఆయన విసుగు చెందలేదు. మహా విద్వాంసులు విద్యార్థుల నడుమకు వచ్చి, పాడి, ఆడి, ప్రశ్నలకు సమాధానము లిచ్చు పద్ధతి క్రమముగా దేశమంతట వ్యాపించినది. 2009లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 1979లో కేంద్ర ప్రభుత్వము సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రమును నెలకొల్పినది. కమలాదేవి చట్టోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్‌లు దానికి దారి చూపిరి. అక్కడ ఉపాధ్యాయులకే బొమ్మలాట మొదలగు విద్యలను నేర్పి బడులకు పంపుదురు.

ఈ రెండును మెచ్చదగిన పనులే. అయినను వీనియం దొక లోటు నాకు స్వానుభవమున తెలిసినది. 1990 దశకమున నేను పనిచేసిన యొక పాఠశాలకు బొమ్మలాట వారిని రప్పించితిని. లెక్కల పాఠమునకును మధ్యాహ్న భోజనమునకును నడుమ అరగంట కాలము నిర్ణయించితిని. తప్పు నాదే. వారు పదునొకండు గంటలకు వచ్చిరి. ఆవరణమంతయు ఎండ. వృద్ధుడగు ఆటగాడు పెట్టె మూత తీయకయే నా వంక జూచి, "అయ్యవారూ, పొద్దున బొమ్మ ఎట్లాడుతాది సామీ? నీడకు చీకటి కావల్ల" అనెను. గది కిటికీలకు గొంగళ్లు కట్టించితిమి. నీడలు మసకగా కదలినవి. హనుమంతుడు సముద్రము దాటక మునుపే గంట మ్రోగినది. పిల్లలు కేతిగాని జూచి నవ్వి లేచిపోయిరి. ఇన్ని గ్రంథములు చదివియు నీడకు చీకటి కావలెనను మాట నాకు తోచకపోయెను గదా యని ఆ రాత్రి సిగ్గుపడితిని.

మరుసటి వారమున ఊరి పెద్దల కడకు బోయితిని. వారిలో నొకరు తమ బాల్యమున ఆటకు ఆముదము మోసినవారు. ఆయనయే ఇంటింటికి దిరిగి బియ్యమును, రూకలును పోగు చేసెను. తానే పోయి తాంబూల మిచ్చి వచ్చెను. నెల తిరుగకమునుపే బడి ముందర రాత్రి వేళ లంకాదహనము మూడు గంటలకు పైగా నడచినది. తల్లులు, తాతలు, పసివారు అందరును వచ్చిరి. మరునాడు తరగతిలో పాఠము నప్పగింపలేక నిత్యము తల వంచుకొని నిలుచు బాలుడొకడు హనుమంతునకును రావణునకును జరిగిన సంవాదమును తడబడక చెప్పెను. నేను వానికి దానిని నేర్పలేదు. తెర ముందర కూర్చుండి వాడు విన్నాడు. వీడ్కోలు వేళ వృద్ధుడు సంభావన నటుంచి తాంబూలమును రెండు చేతుల నందుకొని, "మా నాయన కాలంలో ఇచ్చినారు. మళ్లా ఇప్పుడే సూస్తాండా" అనెను.

ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో నేటికిని ఈ కళాకారులు గలరు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయినను ఆట కట్టించువారు తగ్గుటచే ఆ చేతులు పెక్కు దీపపు గొడుగులు చేసి జీవించుచున్నవి. స్థానిక కళాకారులను పాఠశాలలకు బోధకులుగా రప్పింపవలెనని 2020 నాటి జాతీయ విద్యా విధానమును పలికినది. శాసనము మార్గము చూపగలదు. తాంబూలమును మాత్రము ఊరే యియ్యవలెను. పెరటి చెట్టు వైద్యమునకు పనికిరాదనుకొనుట మనకు పాత జబ్బు.

పెద్దలారా! ఈ ప్రసంగమును చదువు మీలో నొక్కరైనను రాబోవు మాఘమున మీ యూరి ప్రధానోపాధ్యాయుని కడకు బోయి, "ఒక రాత్రి ఆట మేము కట్టింతుము, పిల్లలను మీరు కూర్చుండబెట్టుడు" అని చెప్పుడు. అరగంట యడుగకుడు. ఒక ఘట్టము మొదలు తుదిదాక ఆడనిండు. ఆటగానికి ముందుగా భోజనము పెట్టుడు. సంభావనను ఆట ముగిసిన రాత్రియే చేతికిండు. మీ మనుమల ప్రక్కన మీరును నేలమీద గూర్చుండుడు. కథ నడుమ వారు మిమ్ము ప్రశ్నింతురు. సమాధానము చెప్పగలవారు ఆ యూరిలో నేటికి మీరే.