సి భాషలో ‘గెట్స్’: ఒక తొలగింపు చరిత్ర

ఉపోద్ఘాతం:
సహజ భాషలకు వలెనే కంప్యూటరు భాషలకూ వ్యాకరణం ఉంటుంది. ఏ ప్రయోగం సాధువో ప్రమాణపత్రం నిర్దేశిస్తే, కంపైలర్ దానిని అమలుపరుస్తుంది. ఒకసారి ప్రమాణంలో చేరిన ప్రయోగాన్ని తొలగించడం ఎంత కష్టమో సి భాషలోని ‘గెట్స్’ ఫంక్షన్ చరిత్ర ఆధారంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లోపం - పర్యవసానం:
‘గెట్స్’ ఒక పంక్తిని చదివి, మెమరీలో చూపిన చోట ఉంచుతుంది. ఆ చోటు ఎంత ఉందో దానికి తెలిపే మార్గం లేదు. పంక్తి పొడవైతే పక్కనున్న సమాచారం చెరిగిపోతుంది. 1988 నవంబరు 2న అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడుదల చేసిన ‘వర్మ్’ ఈ లోపాన్ని కూడా వాడుకొంది. ‘ఫింగర్’ సేవను నడిపే ప్రోగ్రాములోని 512 బైట్ల చోటులోకి 536 బైట్లు పంపి, వాక్స్ యంత్రాలను వశపరచుకొంది.

తొలగింపు క్రమం:
ఇంత జరిగినా 1989 నాటి అమెరికా ప్రమాణంలోనూ, 1999 నాటి అంతర్జాతీయ ప్రమాణంలోనూ ‘గెట్స్’ నిలిచే ఉంది. అప్పటికే రాసి ఉన్న ప్రోగ్రాములకు విలువనివ్వాలన్నది ప్రమాణకర్తలు ప్రకటించుకొన్న సూత్రాలలో ఒకటి. 2007 నాటి సవరణ దానిని కాలం చెల్లినదిగా గుర్తించింది. 2011 ప్రమాణం పూర్తిగా తొలగించింది. అప్పటికి వర్మ్ ఘటన జరిగి 23 ఏళ్లు.

ప్రత్యామ్నాయమైన ‘ఎఫ్‌గెట్స్’ చోటు పరిమాణాన్ని కూడా అడుగుతుంది. అయితే ‘గెట్స్’ వదిలివేసే పంక్తి చివరి గుర్తును ఇది అలాగే ఉంచుతుంది. కాబట్టి పేరు మార్చినంత మాత్రాన పాత ప్రోగ్రాము సరిపడదు. ప్రయోగించిన ప్రతిచోటా దానిని తిరిగి పరిశీలించాలి. తొలగింపులోని అసలు శ్రమ ఇదే.

ముగింపు:
గ్నూ సి లైబ్రరీ 2011 ప్రమాణాన్ని అనుసరించే ప్రోగ్రాములకు ‘గెట్స్’ను ప్రకటించదు. కానీ పూర్వమే కంపైల్ అయిన ప్రోగ్రాముల కోసం దానిని లోపల నిలిపి ఉంచింది. ఈ స్థితి తెలుగువారికి కొత్త కాదు. అరసున్న నేటి వాడుక నుండి తప్పుకొన్నా, ప్రాచీన కావ్యాల ముద్రణకు ఇప్పటికీ కావాలి. అయితే అరసున్న ఎవరికీ హాని చేయలేదు, ‘గెట్స్’ చేసింది. పాత రచనను కాపాడటం, కొత్త రచనలో ఆ ప్రయోగాన్ని నిషేధించడం వేర్వేరు బాధ్యతలు. మొదటిదాని కోసం రెండవదానిని 23 ఏళ్లు వాయిదా వేయడమే ఈ చరిత్రలోని పొరపాటు.