నాలుగొచ్చిన నాడు

జర దగ్గరికి జరుగుండ్రి, మంట గాలికి అటు పోతున్నది. చిన్నమామ ఇల్లు ఎట్ల పోయిందని అడిగిన్రు గద, చెప్త. కానీ ఇల్లు పోయిన కత చెప్పాలంటే ముందుగాల జాక్‌పాట్ అంటే ఏందో చెప్పాలె. అది తెల్వకుంటే మా మామ పిచ్చోడనుకుంటరు. ఆయన పిచ్చోడు కాదు. మా ఖాందాన్ల అంత మంచిగ లెక్కలు చేసెటోడు ఇంకొకడు లేకుండె.

మలక్‌పేట అంటే మీకు మెట్రో స్టేషను. మాకు మలక్‌పేట అంటే గుర్రాలే. అంతకుముందు రేసులు మౌలాలి దిక్కు జరుగుతుండె. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886ల వాటిని మలక్‌పేటకు తెచ్చిండు. హైదరాబాద్ రేస్ క్లబ్ 1961ల ఏర్పడ్డది. వానకాలం ఒక సీజను, చలికాలం ఒక సీజను. రేసు ఉన్న రోజు చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీదికెల్లి జనం నడిచి పోతనే ఉంటుండిరి. చేతుల రేసు పుస్తకం, చెవి మీద పెన్సిలు. సేట్లు, రిక్షా తొక్కెటోళ్లు, సర్కారు నౌకరోళ్లు, అందరిదీ అదే తొవ్వ. లోపటికి పోయినంక ఎవరి జాగ వాళ్లది. కానీ గుర్రాలు ఆఖరి మలుపు తిరిగి సీదా వచ్చినప్పుడు మాత్రం అందరు ఒక్కటే తీరు ఒర్రుతుండిరి.

నేను పందెం ఆడెటోణ్ణి కాదు. పందేలు రాసుకునే టోట్ కిటికీ లోపట కూసుండి టికెట్లు ఇచ్చెటోణ్ణి. రేసు రోజులల్ల ఆ పనికి రోజుకూలి మీద మనుషులను పెట్టుకుంటుండిరి. నాకు గుర్రాలంటే ఇష్టం, ఆ ఇష్టం ఇప్పటికీ పోలే. చలికాలం పొద్దుగాల సైసులు గుర్రాలను నడిపిస్తుంటే వాటి ఒంటి మీదికెల్లి ఆవిరి లేస్తుండె. అది చూసెతందుకే తొందరగ పోతుంటి. ఆ జీవికి పందెం తెల్వదు, పైస తెల్వదు. ఉరుకుడు తెలుసు.

కిటికీకాడికి తీరుతీరు మనుషులు వస్తుండిరి. కొందరు విన్, ప్లేస్ ఆడెటోళ్లు, అంటే ఒక్క గుర్రం మీదనే పందెం. కొందరు ఫోర్‌కాస్ట్ ఆడెటోళ్లు, అంటే మొదటి రెండు గుర్రాలను వరుస తప్పకుంట చెప్పాలె. టనాలా అయితే మూడింటిని వరుసగ చెప్పాలె. ఇవన్నీ ఒక్క రేసుతోటి తేలిపోతయి. వస్తే వచ్చింది, పోతే పోయింది. జాక్‌పాట్ అట్ల కాదు. వరుసగ ఐదు రేసులు. ఐదుట్ల ఏ గుర్రాలు గెలుస్తయో మొదటి రేసు మొదలుగాకముందే రాసియ్యాలె. ఒక్కొక్క రేసును లెగ్గు అంటరు. మూడు లెగ్గులదైతే ట్రెబుల్.

లెగ్గుకు ఒక్క గుర్రాన్ని పెడ్తే ఒక్క టికెట్టే. కానీ అంత ధైర్యం ఎవరికుంటది? లెగ్గుకు రెండు గుర్రాలు పెట్టుకున్నవనుకో, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది, అట్ల పోయి పోయి 32 టికెట్ల పైసలు కట్టాలె. మూడేసి పెడ్తే 243. అందుకని తెలివిగల్లోళ్లు ఒక లెగ్గుల, ఇది తప్పకుంట వస్తది అనుకున్న గుర్రాన్ని ఒక్కదాన్నే పెడుతుండిరి. దాన్ని బ్యాంకర్ అంటరు. మిగిలిన లెగ్గులల్ల రెండో, మూడో, నాలుగో. ఒకటి, రెండు, మూడు, నాలుగు, రెండు అని పెట్టుకుంటే గుణించి చూడండ్రి, 48 టికెట్లు. రేసుకు ముందటి రాత్రి ఇరానీ హోటళ్లల్ల చాయ్ ముందల పెట్టుకొని ‘నీ బ్యాంకర్ ఏంది’ అని ఒకరినొకరు అడుగుతుండిరి. మా చిన్నమామ ఆ గుణింతాలన్నీ కాయితం ముట్టకుంట నోటితోటే చెప్పెటోడు.

ఇగ పైస ఎక్కడికెల్లి వస్తదో చెప్త, ఇది మంచిగ ఇనుండ్రి. టోట్ల గెలిచినోనికి వచ్చేది ఓడినోని పైసే. అందరి పైసలు ఒక్కకాడ పోసి, క్లబ్బు కమీషను, సర్కారు పన్ను తీసి, మిగిలింది గెలిచినోళ్లకు పంచుడు. ఈ పద్ధతిని 1867ల పారిస్‌ల జోసెఫ్ ఓలర్ అనేటాయన మొదలువెట్టిండు. దీన్ని లెక్కవెట్టే మిషను చేసింది ఆస్ట్రేలియాల జార్జ్ జూలియస్ అనే ఇంజినీరు. అసలు ఆయన ఓట్లు లెక్కవెట్టే మిషను చేద్దామనుకున్నడు. సర్కారు వద్దన్నది. దాన్నే రేసులకు తగ్గట్టు మార్చిండు. 1913ల న్యూజిలాండ్‌ల ఆక్లండ్ రేసుకోర్సుల మొదటిది పెట్టిన్రు. మిషను ఎంత పెద్దదైనా, అది కొత్తగ ఒక్క రూపాయి పుట్టియ్యదు. ఉన్నదాన్నే తీసి పంచుతది.

జాక్‌పాట్ల ఆ పంచుడు ఎట్లంటే, పన్నులు పోను పది లక్షలు మిగిలినయనుకోండ్రి. అందుల 70 శాతం, అంటే ఏడు లక్షలు, ఐదుకు ఐదు కొట్టినోళ్లకు. 30 శాతం, అంటే మూడు లక్షలు, నాలుగు కొట్టినోళ్లకు. దాన్ని కన్సొలేషన్ అంటరు. ఐదు కొట్టిన టికెట్లు రెండే ఉంటే తలా మూడున్నర లక్షలు. ఏడు వందల టికెట్లు ఉంటే తలా వెయ్యి. ఊరంత అనుకున్న గుర్రాలే వరుసగ గెలిస్తే, ఐదుకు ఐదు కొట్టినోడు గూడ కిటికీకాడ చేతుల పడ్డది చూసుకొని మొఖం చిన్నగ చేసుకుంటుండె. అదే ఎవ్వరు అనుకోని గుర్రం ఒక్కటి నడుమ దూరిందనుకో, వందల వందల టికెట్లు ఒక్కసారే చిరిగి కింద పడుతుండె. ఐదుకు ఐదు ఎవ్వరు కొట్టకుంటే ఆ ఏడు లక్షలు తర్వాతి రేసు రోజుకు క్యారీ ఓవర్. ఆ మాట ఊర్ల పాకితే చాలు, తర్వాతి రోజు కిటికీల ముందల నిలబడ జాగ దొరకకుండె.

చిన్నమామ మొదట్ల ట్రెబుల్ ఒక్కటే ఆడెటోడు. మిల్లుల లెక్కలు రాసే నౌకరి, జీతం రాంగనే ఇంటికిచ్చి, చిన్న మొత్తం జేబుల పెట్టుకొని వచ్చెటోడు. అప్పుడప్పుడు ట్రెబుల్ తగులుతుండె. తగిలిన రోజు పిల్లలకు మిఠాయి, అత్తమ్మకు పూలు. ఒకసారి రేడియో తెచ్చిండు. గల్లీ అంత వచ్చి ఇన్నది.

ఒక వానకాలం సీజన్ల జాక్‌పాట్ ఆడిండు. మొదటి లెగ్గు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది ఆయన బ్యాంకర్, అదీ వచ్చింది. నాలుగోదాంట్ల ఎవ్వరు పెట్టుకోని గుర్రాన్ని పెట్టుకున్నడు, అది గూడ వచ్చింది. ఐదో లెగ్గు మొదలయ్యేసరికి చుట్టుపక్కలోళ్లందరికి తెలిసిపోయింది. నేను కిటికీ మూసి బయటికొచ్చి ఆయన పక్కన నిలబడ్డ. ఆఖరి ఫర్లాంగుల ఆయన గుర్రమే ముందున్నది. లోపలి రెయిలింగు పొంటి ఇంకో గుర్రం వచ్చింది. రెండూ కలిసే గీత దాటినయి. ఫోటో తీసిన్రు. ఫోటోల మామ గుర్రం షార్ట్ హెడ్ తోటి ఓడింది. అంటే గుర్రం తల పొడవు గూడ లేదు.

కన్సొలేషన్ మాత్రం గట్టిగనే వచ్చింది. ఆ నాలుగో లెగ్గు గుర్రం ఎవ్వరి దగ్గర లేకుండె గద. జీతం కంటె ఎక్కువే. అత్తమ్మకు వెండి పట్టీలు వచ్చినయి. అందరు అదృష్టవంతుడన్నరు. కానీ ఆ రోజుకెల్లి మామ మాటల ఆ నాలుగు గెలుపులు లేవు. ఉన్నదంత ఆ ఒక్క తల దూరమే.

అప్పటికెల్లి లెగ్గుకు గుర్రాలు పెంచుకుంట పోయిండు. ఇంకొక గుర్రం కలిపితే ఆ రోజు దొరికేది గద అని ఆయన లెక్క. 48 టికెట్లు పోయి వంద దాటినయి, తర్వాత రెండు వందలు దాటినయి. ముందుగాల బంగారం కుదువకు పోయింది. ఆ తర్వాత చిట్టీ. ఆఖరికి సైదాబాద్ ఇల్లు. నడుమ నడుమ నాలుగు వస్తనే ఉండె, కన్సొలేషన్ చేతుల పడుతనే ఉండె. పడ్డప్పుడల్ల ఆశ మళ్ల లేస్తుండె. ఎవరన్న అడిగితే ‘పోగొట్టుకున్నకాడనే ఎతుక్కోవాలె’ అనెటోడు. ఒకనాడు అత్తమ్మ అడిగింది: ‘అక్కడ పోయిన పైస ఆ పొద్దే ఇంకొకడు ఇంటికి పట్టుకపోయె. ఇగ అక్కడ ఏమున్నదని ఎతుకుతరు?’ మామ దగ్గర జవాబు లేకుండె. ఇంత చదివినోళ్లు చెప్పలేని మాట ఆమె చెప్పింది.

నేను తర్వాత కూసుండి లెక్క చేసిన. మూడు రేసులకు ఒకదాంట్ల గెలిచే గుర్రాన్ని సరిగ్గ చెప్పెటోడు ఉన్నడనుకోండ్రి. వాణ్ణి గట్టోడనే అనాలె. అట్లాంటోడు లెగ్గుకు ఒక్క గుర్రం చొప్పున ఆడితే, 243 జాక్‌పాట్లల్ల ఐదుకు ఐదు వచ్చేది ఒక్కసారి. కచ్చితంగ నాలుగు వచ్చేది పది సార్లు. ఆగి ఆలోచన చేయండ్రి. గెలుపు ఒక్కసారి ఇంటికొస్తే, గుమ్మం దాక వచ్చి మర్లిపోయేది పది సార్లు. మామకు అది తన ఒక్కని నసీబు అనిపించింది. కానీ ఆ ఆట తీరే అది. మనిషిని ముంచేది ఐదుకు ఐదు పోయిన రోజు కాదు. ఆ రోజు ఎవడైనా చేతులు దులుపుకొని పోతడు. నాలుగొచ్చిన రోజే మునుగుతడు.

ఆ తల దూరం గూడ ఊరికే రాలే. మలక్‌పేటల ఉరికే రేసులల్ల చానామట్టుకు హ్యాండిక్యాప్ రేసులే. మంచిగ ఉరికిన గుర్రం మీద ఎక్కువ బరువు, ఎనుకబడ్డదాని మీద తక్కువ బరువు పెడ్తరు. అన్నీ కలిసి గీతకాడికి రావాలనే కట్టిన రేసు అది. ఇగ అందుల తల దూరంల ఓడుడు వింత ఎట్లయితది? మన దేశంల స్క్వాండరర్ అసుంటి గుర్రం ఉండె, 19 రేసులు ఉరికి 18 గెలిచింది. అది గూడ ఒకటి ఓడింది. అట్లాంటి గుర్రాన్ని బ్యాంకర్ పెట్టుకున్నా ఏదో ఒక రోజు చేతులెత్తెయ్యాల్సిందే. ఇగ రోజువారీ గుర్రాల మీద ఇల్లు ఎట్ల పెడ్తవు?

కొందరు సుప్రీంకోర్టు మాట చెప్తరు. 1996ల మద్రాసోళ్ల కేసుల, గుర్రప్పందెం నసీబు ఆట కాదు, తెలివి మీద ఆధారపడ్డది అని తీర్పు వచ్చింది. నిజమే. గుర్రం పుట్టుక, జాకీ చెయ్యి, నేల తడి, బరువు, అన్నీ చదవాలె. నేను కాదనను. కానీ ఒక్క రేసు చదివే తెలివిని ఐదు సార్లు వరుసగ గెలిపియ్యాలంటే మిగిలేదెంతనో ఇప్పుడే చూసిన్రు. దాని మీద పన్ను. జీఎస్టీ వచ్చినంక 28 శాతం, 2025 సెప్టెంబరు 22 కెల్లి 40 శాతం. పెద్ద మొత్తం గెలిస్తే ఇన్‌కమ్ టాక్సు 30 శాతం చేతికి రాకముందే పట్టుకుంటరు. ఓడినదాన్ని గెలిచినదాంట్ల తీసేసుకోనియ్యరు. తెలివి ఉన్నోడు గూడ ఇంత బరువు మోసి ఉరకాలె.

మంచిగ ఆడినోళ్లు లేరా అంటే ఉన్నరు. ఒక రిటైరైన ఉర్దూ మాస్టరు సాబ్ వస్తుండె. ఒక జేబుల ఆడే పైసలు, ఇంకో జేబుల బస్సు పైసలు. క్యారీ ఓవర్ రోజు పంచే పైసలల్ల మొన్నటి పైస గూడ కలుస్తది కాబట్టి లెక్క ప్రకారం ఆడెటోనికి కొంత మేలే, అది ఆయనకు ఎరుకే. అయినా ఆ రోజు గూడ అంతే పెట్టెటోడు. ఎప్పుడన్న నాలుగు వస్తే కన్సొలేషన్ తీసుకొని, ఏ గుర్రం ఎట్ల ఉరికిందో పుస్తకంల రాసుకొని పోతుండె. ఆయన గుర్రాలను చూసెతందుకు వచ్చెటోడు. మా మామ ఆఖరికి గుర్రాలను చూసుడే మానేసిండు. బోర్డు మీది నంబర్లనే చూసెటోడు. నాకు అన్నిటికంటె దుఃఖం అదే.

మామ తర్వాత మూసారాంబాగ్‌ల కిరాయికి ఉన్నడు. అత్తమ్మ మిషను కుట్టి పిల్లలను చదివిచ్చింది. ఇప్పుడు మీ ఫోన్లల్ల గూడ అదే ఆట చూస్తున్న. ఐదు మ్యాచులు, ఐదు జట్లు, అన్నీ తగిలితే లక్షలు. ఆన్‌లైన్ పందేలు వద్దని తెలంగాణ సర్కారు 2017లనే చట్టం తెచ్చింది, అయినా చాటుకు నడుస్తనే ఉన్నయి. మాకు మళ్ల రేసు రోజు వచ్చేదాక ఆగాల్సి ఉండె, ఆ నడుమ మనిషికి సోయి వచ్చెతందుకు నాలుగు దినాలు దొరుకుతుండె. మీకు ఆ నాలుగు దినాలు గూడ లేవు.

అందుకని చెప్తున్న బిడ్డలారా, నా మాట ఇనుండ్రి. మామ ఎప్పుడు ఆపాలె ఉండె అంటే, బంగారం పోయిన నాడు కాదు, చిట్టీ పోయిన నాడు కాదు. పట్టీలు తెచ్చి అత్తమ్మ చేతుల పెట్టిన ఆ పొద్దే ఆపాలె ఉండె. ఒక్కటి తప్పింది అనుకోకుంట, నాలుగొచ్చినయి, చాలు అనుకునేది ఉండె. పందెమే కానక్కర లేదు, బతుకుల మీకు గూడ జరంతల తప్పిపోయే రోజులు వస్తయి. అట్లాంటి రోజు ఇంకొక్కసారి అని మనసు గుంజుతది. గుంజినా సరే, ఆ పొద్దు మాత్రం చేతుల ఉన్నది పట్టుకొని ఇంటికి రాండ్రి.