జేఆమ్‌రి చర్చి: 1919 ఏప్రిల్ 15

జేఆమ్‌రి దక్షిణ కొరియాలోని గ్యొంగి రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఇప్పుడు అది హ్వాసొంగ్ నగర పరిధిలో, హ్యాంగ్‌నమ్ పట్టణంలో భాగంగా ఉంది. 1919లో మాత్రం అది సువొన్ జిల్లాలో పొలాల మధ్య ఉన్న పల్లె. ఊళ్లో ఇళ్లు ముప్పై పైచిలుకు, అన్నీ పూరిళ్లే. ప్రార్థన మందిరం కూడా గడ్డి కప్పిన ఇల్లే. ఆ ఏడాది ఏప్రిల్ 15 మధ్యాహ్నం జపాన్ సైనికులు ఊరి మగవాళ్లను ఆ చర్చిలోకి పిలిపించి, తలుపులు మూసి, తుపాకులు పేల్చి, ఆపై నిప్పు పెట్టారు. అమృత్‌సర్‌లో జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగి అప్పటికి రెండే రోజులు. రెండు చోట్లా వేరువేరు సామ్రాజ్యాలు. ఆయుధాలు లేని జనం మీద సైన్యాన్ని తోలిన తీరు మాత్రం ఒకటే.

కొరియా జపాన్ చేతిలోకి ఒక్కసారిగా పోలేదు. 1905లో బలవంతంగా సంతకం పెట్టించుకున్న ఒప్పందంతో విదేశీ వ్యవహారాలు పోయాయి, 1910 ఆగస్టులో దేశమే పోయింది. తర్వాతి పదేళ్లూ సైనిక పోలీసులదే రాజ్యం. బడిలో పంతుళ్లు కూడా నడుముకు కత్తి కట్టుకుని పాఠం చెప్పేవారు. 1912లో తెచ్చిన కొరడా దెబ్బల శిక్ష కొరియన్లకే వర్తించేది, జపనీయులకు కాదు. సభలు, పత్రికలు, సంఘాలు అన్నీ మూతపడ్డాయి. నలుగురు చేరి మాట్లాడుకోవడానికి మిగిలినవి గుడి, చర్చి, సంత.

చర్చి ఆ జాబితాలో ఎలా చేరిందన్నది భారతీయ పాఠకులకు వింతగా తోచవచ్చు. భారతదేశంలో పాలించినవాడూ మిషనరీ ఒకే మతంవాళ్లు కావడంతో, చర్చి దొరల పక్షమన్న అనుమానం స్వాతంత్ర్యోద్యమ కాలమంతా వెంటాడింది. కొరియాలో పాలకుడు క్రైస్తవుడు కాడు, మిషనరీ పాలకుడి మనిషీ కాడు. 1885లో ఇంచొన్ రేవులో దిగిన అమెరికన్లు అండర్‌వుడ్, అపెన్‌జెల్లర్ తెచ్చిన మతం ఇరవై ఏళ్లకల్లా దేశం పోయిన బాధను చెప్పుకునే చోటైంది. మిషనరీ సంఘాలు రాజకీయాల జోలికి పోమని పదేపదే ప్రకటించాయి. వాళ్ల బడుల్లో చదువుకున్న కుర్రాళ్లు మాత్రం ఆ మాట పట్టించుకోలేదు. పైగా స్థానిక చర్చిలు తమ ఖర్చు తామే భరించుకోవాలన్నది అక్కడి మిషనరీల పద్ధతి. కాబట్టి ఊరి చర్చి ఊరివాళ్ల సొంత సొమ్ముతో, సొంత పెద్దల చేతిలో నడిచేది. జేఆమ్‌రి చర్చి కూడా అలాగే పుట్టింది. 1905లో ఆన్ జోంగ్‌హు అనే గ్రామస్థుడు తన ఇంట్లోనే మెథడిస్టు ప్రార్థనలు మొదలుపెట్టాడు. కొన్నేళ్ల తర్వాత చిన్న పూరి మందిరం లేచింది.

1919 జనవరి 21న మాజీ రాజు గోజోంగ్ చనిపోయాడు. విషం పెట్టారన్న పుకారు దేశమంతా పాకింది. అంత్యక్రియలు మార్చి 3న. వాటికోసం రాజధానికి జనం తరలివచ్చే రోజుల్లోనే మార్చి 1న స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. దానిమీద సంతకాలు చేసినవారు 33 మంది: 16 మంది క్రైస్తవులు, 15 మంది చొందోగ్యో మతస్థులు, ఇద్దరు బౌద్ధులు. చొందోగ్యో అంటే 19వ శతాబ్దంలో కొరియా గడ్డమీదే పుట్టిన మతం, 1894 నాటి పెద్ద రైతు తిరుగుబాటు దాని మూలాల్లోంచి వచ్చిందే. ప్రకటన ప్రతులను రాత్రికి రాత్రి ఇరవై వేలకు పైగా అచ్చు వేసింది కూడా చొందోగ్యోవారి ముద్రణాలయమే. అప్పటికి జనాభాలో రెండు శాతం కూడా లేని ప్రొటెస్టెంట్లు సంతకాల్లో సగం వాటా మోశారన్నది ఎంత నిజమో, చొందోగ్యో లేకపోతే ఆ కాగితమే బయటికి వచ్చేది కాదన్నదీ అంతే నిజం. జేఆమ్‌రి కథలో ఈ రెండో సంగతి మళ్లీ అవసరమవుతుంది.

సియోల్‌లో మొదలైన ఉద్యమం పల్లెలకు సంతల దారిన వెళ్లింది. జేఆమ్‌రికి దగ్గరి సంత బాలాన్. మార్చి 31న అక్కడ వెయ్యి మంది దాకా పోగై స్వాతంత్ర్యానికి జై కొట్టారు. సైనికులు కత్తులతో, తుపాకులతో విరుచుకుపడ్డారు. పండిత వృద్ధుడు ఈ జొంగ్‌గున్ బలైనవారిలో ఒకరు. తర్వాత రాత్రుళ్లు చుట్టుపక్కల కొండల మీద మంటలు వెలిగాయి. అప్పట్లో ఊరి నుంచి ఊరికి కబురంటే అదే. ఏప్రిల్ 3న జాంగాన్, ఉజొంగ్ మండలాల రైతులు మండల కార్యాలయాలను పడగొట్టి, హ్వాసురి పోలీసు ఠాణాను ముట్టడించి, జపాన్ పోలీసు కవబతను చంపేశారు. మార్చి 1 ఉద్యమం పూర్తిగా శాంతియుతమని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నా, ఈ ప్రాంతంలో అది అలా లేదు. ఆ మాట దాచుకోవలసిన పనీ లేదు.

ప్రతీకారం వెంటనే మొదలైంది. ఏప్రిల్ 5 తెల్లవారకముందే సైనికులు సుచోన్‌రిని చుట్టుముట్టి ఇళ్లకు, చర్చికి నిప్పు పెట్టారు. పది రోజుల తర్వాత జేఆమ్‌రి వంతు వచ్చింది.

79వ పదాతి దళానికి చెందిన లెఫ్టినెంట్ అరితా తొషియో పదకొండు మంది సైనికులతో, పోలీసులతో, దారి చూపే స్థానికులతో ఊళ్లోకి వచ్చాడు. బాలాన్‌లో బియ్యం మిల్లు నడిపే సాసకా అనే జపనీయుడు, జో హీచాంగ్ అనే కొరియన్ పోలీసు కూడా వెంట ఉన్నారు. సంతలో కొట్టినందుకు క్షమాపణ చెబుతాం, పదిహేనేళ్లు దాటిన మగవాళ్లంతా చర్చికి రండి అని కబురు చేశారు. రానివాళ్లను ఇళ్లకు వెళ్లి పిలుచుకొచ్చారు. ఇరవై మందికి పైగా లోపల కూర్చున్నాక అరితా బయటికొచ్చి ఆజ్ఞ ఇచ్చాడు. తలుపులు బిగించారు, కిటికీల్లోంచి కాల్చారు, గడ్డి పేర్చి కిరోసిన్ పోసి అంటించారు. భర్తల కోసం పరుగెత్తుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లను బయటే చంపేశారు. ఒకరు కాంగ్ తేసొంగ్ భార్య, పంతొమ్మిదేళ్ల పిల్ల. మరొకరు హాంగ్ వొన్‌సిక్ భార్య. ఇళ్లకూ నిప్పు పెట్టారు. గడ్డి కప్పులు కావడంతో ఒకటి రెండు తప్ప అన్నీ తగలబడ్డాయి. జేఆమ్‌రిలో పోయినవారు 23 మంది. అక్కడి నుంచి సైనికులు పక్కనున్న గోజురికి వెళ్లి, చొందోగ్యో పెద్ద కిమ్ హుంగ్‌న్యొల్‌నూ ఆయన కుటుంబంవారినీ ఆరుగురిని కట్టేసి చంపి, శవాలను కాల్చారు.

ఆ వసంతంలో కొరియాలో కాలిన ఊళ్లు, చచ్చిన మనుషులు ఇంకా చాలా ఉన్నారు. మొత్తం మృతులు 553 అని జపాన్ అధికారిక లెక్క, 7,509 అని చరిత్రకారుడు పాక్ ఉన్‌సిక్ లెక్క. అన్నిటిలో జేఆమ్‌రి పేరే ప్రపంచానికి తెలియడానికి కారణం ఒక్కటే: మర్నాడే అక్కడికి బయటివాళ్లు చేరుకున్నారు. ఏప్రిల్ 16న అమెరికా వైస్ కాన్సల్ రేమండ్ కర్టిస్, మిషనరీ హోరెస్ హోర్టన్ అండర్‌వుడ్ (1885లో వచ్చిన అండర్‌వుడ్ కొడుకు), ఆల్బర్ట్ టేలర్ కారులో బయల్దేరారు. వాళ్లు చూడబోయింది సుచోన్‌రిని. దారిలో పొగ కనబడి ఆరా తీస్తే, నిన్ననే కాలిన ఊరని తేలింది. చర్చి బూడిదలో కాలిన శవాలు ఇంకా పడి ఉన్నాయి. కర్టిస్ నివేదిక అమెరికా ప్రభుత్వానికి వెళ్లింది, టేలర్ వార్త పత్రికలకు వెళ్లింది.

టేలర్ నిజానికి బంగారు గనుల వ్యాపారి, దాంతోపాటు అసోసియేటెడ్ ప్రెస్‌కు వార్తలు పంపేవాడు. ఫిబ్రవరి 28న సియోల్‌లోని సెవరెన్స్ ఆసుపత్రిలో ఆయనకు కొడుకు పుట్టాడు. సోదాల భయంతో నర్సులు బాలింత పక్కలో దాచిన స్వాతంత్ర్య ప్రకటన ప్రతి ఆయన కంట పడింది. ఆయన తమ్ముడు దాన్ని చెప్పు మడమలో దాచుకుని టోక్యో చేర్చాడు. ఆ టేలర్ సియోల్‌లో కట్టుకున్న ఎర్ర ఇటుకల ఇంటి పేరు దిల్‌కుషా. లక్నోలోని దిల్‌కుషా కోఠీని చూసి ముచ్చటపడిన ఆయన భార్య మేరీ పెట్టిన పేరది. 2021లో అది ప్రదర్శనశాలగా తెరుచుకుంది.

టేలర్ బృందం వెళ్లొచ్చిన రెండు మూడు రోజుల్లోనే ఫ్రాంక్ స్కోఫీల్డ్ వచ్చాడు. ఈ కెనడా పశువైద్యుడు సెవరెన్స్ వైద్య కళాశాలలో బాక్టీరియాలజీ చెప్పేవాడు. పోలియోతో ఒక కాలు, ఒక చెయ్యి చచ్చుబడినా, సైకిల్‌ను రైలెక్కించి సువొన్‌లో దిగి, మిగతా దారంతా తొక్కుకుంటూ పోయాడు. కాలిన గోడల ముందు చేతికందిన సామాను పెట్టుకుని కూర్చున్న జనాన్ని, ఇళ్ల మధ్య నల్లబడ్డ మట్టి జాడీలను ఫొటోలు తీశాడు. ఇవాళ జేఆమ్‌రి గురించి ఏ పుస్తకం తెరిచినా కనిపించేవి ఆ ఫొటోలే. తర్వాత కెనడాకు వెళ్లి, బూజు పట్టిన గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోయే జబ్బు గుట్టు విప్పాడు; రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మందు మూలాలు ఆ పరిశోధన దాకా వెళ్తాయి. 1970లో సియోల్‌లో కన్నుమూశాడు. అక్కడి జాతీయ శ్మశానవాటికలోనే సమాధి చేశారు. 33 మంది తర్వాత 34వ ప్రతినిధి అని కొరియన్లు ఆయన్ను గౌరవంగా చెప్పుకుంటారు.

గొడవ విదేశాలకు పాకేసరికి జపాన్ సైన్యం అరితాను సైనిక కోర్టు ముందు నిలబెట్టింది. పై ఆదేశాన్ని అమలు చేస్తున్నానని నమ్మి చేశాడు, నేరం చేసే ఉద్దేశం లేదంటూ ఆగస్టులో కోర్టు విడుదల చేసింది. అప్పట్లో కొరియాలోని జపాన్ సైన్యానికి అధిపతి అయిన ఉత్సునోమియా తారో డైరీ 2007లో బయటపడింది. ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే నష్టమని, ఎదురు తిరిగితే చంపామని చెబుదామని అధికారులు కూర్చుని నిర్ణయించుకున్న సంగతి ఆయన చేత్తోనే రాసి పెట్టుకున్నాడు. చేసినవాళ్లకు చేసింది ఏమిటో తెలుసని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఊరు మాత్రం లేచి నిలబడింది. అదే ఏడాది వేసవిలో చర్చిని మళ్లీ కట్టుకున్నారు. 1959లో స్మారక స్తంభం వెలిసింది. 1960ల చివర్లో పాస్టర్ ఒయామా రేజి వంటి జపాన్ క్రైస్తవులు క్షమాపణగా చందాలు పోగుచేసి పంపారు. ఆ డబ్బుతో 1970లో కొత్త చర్చి లేచింది. మనవాళ్లను తగలబెట్టినవాళ్ల సొమ్ముతో గుడి కట్టడమేమిటని మృతుల బంధువుల్లో కొందరు అడ్డం తిరిగారు. ఆ అభ్యంతరం తీసిపారేయదగింది కాదు. పంపినవాళ్ల పశ్చాత్తాపమూ నకిలీది కాదు. 2019లో, తొంభై దాటిన వయసులో, ఒయామా మళ్లీ వచ్చి తోటి జపనీయులతో కలిసి అక్కడి నేల మీద సాష్టాంగపడ్డాడు.

ఎముకలు మాత్రం అరవై మూడేళ్లు మట్టిలోనే ఉన్నాయి. చర్చిలో భర్తను పోగొట్టుకున్న జొన్ దోంగ్‌రే అనే వృద్ధురాలు ఎక్కడ పాతిపెట్టారో చూపించగా, 1982లో తవ్వకాలు జరిగాయి. ఎముకలతోపాటు బొత్తాలు, నాణేలు దొరికాయి. అన్నిటినీ ఒకే సమాధిలో పెట్టి చర్చి వెనక గుట్ట మీద ఖననం చేశారు. ఆ ఏడాదే ప్రభుత్వం ఆ స్థలాన్ని చారిత్రక ప్రదేశంగా ప్రకటించింది. ఇప్పుడు కనిపించే చర్చి, స్మారక భవనం 2001 నాటివి. 2024 ఏప్రిల్ 15న పక్కనే హ్వాసొంగ్ స్వాతంత్ర్యోద్యమ ప్రదర్శనశాల కూడా తెరిచారు. పాత పూరి మందిరం ఆనవాలు వెతికితే దొరకదు. చూడవలసింది గుట్ట మీది సమాధి. చర్చిలో ఆదివారం ప్రార్థనలు మామూలుగానే జరుగుతాయి.

అసలు చిక్కు పేరులో ఉంది. చర్చి హత్యాకాండ అన్న ముద్ర పడటంతో, చనిపోయినవాళ్లంతా క్రైస్తవులే అన్న అభిప్రాయం స్థిరపడింది. బయటికి కబురు మోసినవాళ్లలో మిషనరీలు ఉండటం దీనికి కొంత కారణం. నిజానికి ఆ రోజు చర్చిలోకి పిలిపించినవారిలో చొందోగ్యో వాళ్లూ ఉన్నారు, గోజురిలో పోయిన ఆరుగురూ చొందోగ్యో వాళ్లే. వాళ్ల ఊసు చాలా ఏళ్లు జేఆమ్‌రి నీడలోనే ఉండిపోయింది. ఈ మధ్య అక్కడి ప్రభుత్వ సభల్లో, రాతల్లో రెండు ఊళ్ల పేర్లూ కలిపి, 29 మంది అమరులని చెబుతున్నారు. అదే సరైన లెక్క.

సువొన్, హ్వాసొంగ్ ప్రాంతాల్లో చదువులకో ఉద్యోగాలకో ఉంటున్న తెలుగువారు, వాళ్లను చూడవచ్చే బంధువులు ఒక సంగతి గమనించాలి: యునెస్కో గుర్తింపున్న హ్వాసొంగ్ కోట ఉన్నది సువొన్ నగరంలో, జేఆమ్‌రి ఉన్నది హ్వాసొంగ్ నగరంలో. కోట చూసినంత మాత్రాన ఇది చూసినట్టు కాదు. సువొన్ స్టేషన్ దగ్గర హ్యాంగ్‌నమ్ వైపు వెళ్లే బస్సులు దొరుకుతాయి. వీలైతే ఏప్రిల్ 15న వెళ్లండి, ఏటా ఆ రోజు స్మారక సభ జరుగుతుంది.