బుజ్జి కూడా పూర్తి పేరే

పోస్టు కొంచెం పెద్దగుంది, ఓపికగా చదవండి. మన ఆడవాళ్ల పేర్ల చరిత్ర గురించి రాస్తున్న.

మా యాడి పేరు బుజ్జి. ఆధార్‌లో, ఓటర్ లిస్టులో, జాబ్ కార్డులో అదే ఉంది. నా కాలేజీ ఫారంలో తల్లి పేరు దగ్గర అదే రాస్తే, కౌంటర్‌లో సార్ "ముద్దుపేరు కాదు, అసలు పేరు రాయి" అన్నడు. అసలు పేరు అదే.

టౌన్‌లో ఇళ్లల్ల కూడా ఆడపిల్లను బుజ్జి, చిన్ని, చిట్టి అని పిలుస్తరు. కానీ ఆ పిల్లకు బడి రిజిస్టర్‌లో ఇంకో పెద్ద పేరు ఉంటది. తండాల్లో, గూడేల్లో మన అమ్మలు, అమ్మమ్మల తరంలో చాలామందికి ఒక్కటే పేరు. సోమారం పుడితే సోమ్లి, మంగళారం పుడితే మంగ్లి. గోండు, కోయ గూడేల్లో వినిపించే బుద్రి, సుక్కి కూడా వారాల నుంచి వచ్చినవే. ముద్దుగా పిలిస్తే బుజ్జి. నోటితో పిలవడానికి పెట్టుకున్న పేర్లు ఇవి. కాగితం సంగతి అప్పుడు ఎవరికీ పట్టలేదు.

మన ఇళ్లకు కాగితం వచ్చినప్పుడు ముందు మగవాళ్లకే వచ్చింది. భూమి పట్టా తండ్రి పేరు మీద, బడిలో పేరు కొడుకుది. కొడుకును చేర్చుకునేటప్పుడు సార్లు పేరు "మంచిగా" మార్చి రాసేవాళ్లు. ఆడపిల్ల బడికే పోలేదు కాబట్టి ఆమె పేరు మార్చేవాళ్లు లేరు. ఇంట్లో పిలిచిన పేరే రేషన్ కార్డు ఎక్కింది, అక్కడినుంచి మిగతా కార్డులకు పోయింది. అంటే యాడికి చదువు అందలేదనే సంగతి, మన పిలుపు బతికుందనే సంగతి, రెండూ ఆ ఒక్క పేరులో ఉన్నయి.

ఆడపిల్లలు బడికి పోవుడు మొదలైనంక కొత్త చిక్కు వచ్చింది. మా అక్క ఇంట్లో కమ్లి, ఆధార్‌లో కమ్లి. బడిలో మాత్రం కమల అని రాసిన్రు. పదో తరగతి మెమోలో కమల వచ్చింది, స్కాలర్‌షిప్ ఆగింది. మీసేవ, నోటరీ చుట్టూ తిరుగుడుకే ఒక ఏడాది పోయింది.

దేశంలో మొదటి ఆధార్ నంబర్లు ఇచ్చింది 2010 సెప్టెంబర్ 29న, మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లాలోని టెంభ్లీ అనే ఆదివాసీ ఊరిలోనే. మొదటి నంబర్ అందుకున్నది కూడా ఆదివాసీ మహిళే, రంజనా సోనావణే. మొదలు మన దగ్గరే, కానీ ఒక్క అక్షరం తేడా వస్తే పని ఆగేది కూడా మన దగ్గరే.

భూమి విషయంలో ఇది ఇంకా పెద్ద మాట. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్ల పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఉమ్మడిగా ఉండాలె. పట్టాలో కమ్లి, బ్యాంకు పుస్తకంలో కమల అని ఉంటే, తన భూమి తనదే అని ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలె?

ముద్దుపేరు అసలు పేరైతే చిన్నతనం అనేవాళ్లకు ఒక మాట. మార్లవాయి గోండు గూడెంలో హైమన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఉంది. బెట్టీ అంటే ఎలిజబెత్‌కు ముద్దుపేరే. ఇంగ్లీషు వాళ్లలో బెట్టీనే పూర్తి పేరుగా పెట్టుకున్నోళ్లు ఎంతోమంది, వాళ్లను ఎవరూ నవ్వలేదు. మన దగ్గర చూస్తే, గాయని మంగ్లి అసలు పేరు సత్యవతి. లోకానికి తెలిసింది మాత్రం తండా పేరే. దనసరి అనసూయ అంటే ఎంతమంది గుర్తుపడతరు? సీతక్క అంటే అందరికీ తెలుసు.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. యాడి పేరు బుజ్జి అయితే ఫారంలో ధైర్యంగా బుజ్జి అనే రాయండి, కొత్త పేరు కల్పించొద్దు. అన్ని కార్డుల్లో అక్షరాలు ఒకటే ఉన్నయో లేదో ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు చూడండి. ఇంట్లో ఆడపిల్ల పుడితే తొందరపడి ఏదో ఒక పేరు రాయించొద్దు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, పేరు తర్వాత చేర్పించొచ్చు. ఏ పేరు పెట్టినా అన్నిచోట్లా అదే ఉండేటట్టు చూడండి.

ఇంకొకటి. మీ తండాలో, గూడెంలో ముసలమ్మల పేర్లు, ఆ పేరు ఎందుకు పెట్టిన్రో అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. మన ఆడవాళ్ల చరిత్ర చాలావరకు ఆ పేర్లలోనే ఉంది.