శిస్తు మాఫీ నుంచి బ్యాంకు ఖాతా దాకా: గుర్రంకొండ సీమలో కరువు సాయం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమని సంఘం పెద్దలు కోరారు. గుర్రంకొండ అనగానే కోట గురించి, రంగినీ మహల్ గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక నేను ఆ కోట కింది మెట్ట పొలాల గురించి, కరువు కాలంలో సర్కారు రైతుకు చేసిన సాయం గురించి నాలుగు మాటలు రాస్తాను.

1800లో నిజాం కంపెనీ వారికి వదిలిన దత్త మండలాల్లో గుర్రంకొండ సీమ కూడా ఉంది. వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ఉన్నారు. రైత్వారీ పద్ధతిలో సాయమంటే డబ్బు ఇవ్వడం కాదు, శిస్తు వదులుకోవడం. తరి పొలానికి నీరందక పంట పోతే రెమిషన్ దొరికేది. మెట్టకు శిస్తే తక్కువన్న కారణంతో, కరువు విస్తారంగా పడితే తప్ప మాఫీ ఉండేది కాదు. వాన మీద బతికే మన వైపు రైతుకు దీనివల్ల ఒరిగింది స్వల్పం.

1876-78 నాటి ధాత కరువు లక్షల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు కోడ్, 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం వచ్చాయి. విత్తనాలకు, ఎద్దులకు తకావీ అప్పు ఇచ్చేవారు. అయితే అది అప్పే. కట్టకపోతే శిస్తు బకాయి లాగే వసూలు చేసేవారు.

తిరిగి కట్టనక్కరలేని సాయం స్వాతంత్ర్యం వచ్చాకనే స్థిరపడింది. తొమ్మిదవ ఆర్థిక సంఘం సిఫారసుతో 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడింది. అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. పంట సగం పోతేనే సాయమన్న నిబంధనను 2015లో 33 శాతానికి సడలించారు. 2022లో కేంద్రం మెట్ట పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు, ఖరారు చేసింది. ఎకరాకు లెక్కగడితే సుమారు 3,440 రూపాయలు. వేరుశనగ వేసినవారికి ఇది ఏపాటిదో వేరే చెప్పనక్కరలేదు.

రూపం ఎన్నిసార్లు మారినా, ఒక్కటి మారలేదు. సాయం ఎవరికి అందాలో తేల్చేది ఊళ్లో రాసే పద్దు. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. అడంగల్ కంప్యూటరుకెక్కింది. ఈ-పంట నమోదు వచ్చింది. కాని పద్దులో పట్టాదారు పేరే ఉండి, దున్నినవాడి పేరు లేకపోతే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో మనకందరికీ తెలిసినదే. విత్తనం ఒకరిది, నష్టం ఒకరిది, పరిహారం మరొకరిది.

ఈ లోటు తీర్చడానికే 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండవదానిలో పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. భూమి హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకానికి వెనుకాడారు. యజమాని హక్కుకు భంగం లేదని ఆ చట్టమే స్పష్టంగా చెప్పింది.

మిత్రులారా, మనలో చాలామంది పిత్రార్జితం కౌలుకిచ్చి పట్నాల్లో ఉంటున్నవాళ్లమే. నెల మొదట్లో మనకు పెన్షన్ వస్తుంది. మన చేను దున్నేవాడికి ఆ ధీమా లేదు. అతడు కాగితం పట్టుకొని వస్తే సంతకం పెట్టండి, మీ పిల్లలకూ చెప్పండి. రెండు వందల ఏళ్ల ఈ చరిత్రలో మన చేతిలో ఉన్న భాగం అంతే.