మోటుపల్లి నుంచి వెనిస్ దాకా

శామీర్‌పేట చెరువు కట్ట మీద సాయంత్రం నడకకు కలిసే మిత్రులతో, వచ్చే ఏడాది వెనిస్ చూడబోతున్నానని చెప్పాను. ఒకాయన వెంటనే, "ఎందుకన్నా అంత దూరం? నీళ్ళే చూడాలంటే మన చెరువు లేదా?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. ఇంటికి వచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మా అబ్బాయి జర్మనీలో ఉంటున్నాడు. కోడలు ఫోన్‌లో, "టికెట్లు మేము చూసుకుంటాం మామయ్యా, ఏమేం చూడాలో మీరు వ్రాసి పెట్టండి" అంది. నేను వ్రాసిన జాబితాలో పడవల కన్నా మనుషులే ఎక్కువయ్యారు. ఆ వెనిస్ మనుషులందరూ ఏదో ఒక విధంగా మన తెలుగు నేలతో సంబంధం ఉన్నవారే.

మొదటివాడు మార్కో పోలో. 1254లో పుట్టి, చైనాలో కుబ్లయ్ ఖాన్ కొలువు చేసి, 1292 ప్రాంతంలో సముద్రం మీదుగా తిరుగు ప్రయాణం కట్టాడు. ఆయన 'ముత్ఫిలి' అని వ్రాసినది మన మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో చిన్న ఊరు. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. 1244లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ వేయించిన అభయ శాసనం వీరభద్రాలయం దగ్గర స్తంభం మీద ఉంది. అంతకు ముందు రాజులు, తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని చక్రవర్తి ఆ శాసనంలో అభయమిచ్చాడు. ఆ సుంకం ముప్పయింట ఒక వంతు. మనలో వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసిన మిత్రులు ఈ రేటు చూసి ఏమంటారో!

ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందనీ, భర్త పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా నలభై ఏళ్ళుగా ధర్మంగా పాలిస్తోందనీ పోలో చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని అందరూ అంటారు. కాని రుద్రమ గణపతిదేవుని కూతురే గాని భార్య కాదు. పైగా నల్గొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లోనే మరణించింది. అంటే పోలో ఆమెను చూసి ఉండడు, రేవులో నావికులు చెప్పుకున్నది విని ఉంటాడు. అయినా ఒక పరదేశికి వినబడిన మాట 'ఆమె న్యాయంగా పాలించింది' అన్నది కావడం చిన్న విషయం కాదు.

వజ్రాల కథ కూడా ఆయన చెప్పాడు. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటిని వజ్రాలతో సహా పైకి తెస్తాయట. ఇది నమ్మలేం. కాని వానలకు కొండల మీది నీరు పారి వజ్రాలు బయటపడతాయని కూడా ఆయన వ్రాశాడు, అది అక్షరాలా నిజం. వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో తొలకరి పడగానే జనం వంగి వెదకడం ఇప్పటికీ ఉంది.

రెండవవాడు నికోలో కాంటి. వెనిస్ పక్కనే ఉన్న కియోజియా వాడు. 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. తెలుగును 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నది ఈయనే అని మనందరం చదువుకున్నాం, నేనూ సభల్లో చాలాసార్లు చెప్పాను. ఈ ప్రయాణం పుణ్యమా అని, కాంటి చెప్పగా పోజియో అనే పండితుడు లాటిన్‌లో వ్రాసిన వృత్తాంతాన్ని ఇంగ్లీషులో మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆ మాట అందులో ఎక్కడా కనబడలేదు. ఇన్నాళ్ళూ చూడకుండా చెప్పినందుకు సిగ్గుపడ్డాను. మన భాష తీపికి ఆయన సర్టిఫికెట్ అక్కర లేదు గాని, లేని మాటను ఆయన నోట పెట్టడం తప్పే.

మూడవవాడు సీజర్ ఫెడ్రిచి అనే వర్తకుడు. తళ్ళికోట యుద్ధమైన రెండేళ్ళకు, 1567లో విజయనగరం వచ్చాడు. ఇళ్ళు నిలిచే ఉన్నాయి, లోపల మనుషుల్లేరు, పులులు తిరుగుతున్నాయని వ్రాశాడు. నెల రోజుల పనికి వచ్చి, దారి దోపిడీల భయంతో ఏడు నెలలు ఉండిపోయాడు.

నాకు అందరికన్నా దగ్గరైనవాడు నికొలావో మనూచి. 1638లో వెనిస్‌లో పుట్టి, పదిహేనేళ్ళైనా నిండకుండా ఓడలో దాక్కుని ఇల్లు వదిలాడు. దారా షికో దగ్గర ఫిరంగుల పని చేశాడు, తరువాత వైద్యుడయ్యాడు. గోల్కొండ మీదుగా మద్రాసు చేరి అక్కడే స్థిరపడ్డాడు. జీవితమంతా చూసినది గ్రంథంగా వ్రాసి ఫ్రాన్సుకు పంపితే, ఒక పాద్రీ దాన్ని ఆధారం చేసుకుని 1705లో తన పేరుతో పుస్తకం వేశాడు. ముసలి మనూచి మండిపడి, వ్రాతప్రతులను 1706లో వెనిస్ సెనేటుకు అర్జీతో పంపాడు. పిల్లవాడిగా వదిలిన ఊరికి మళ్ళీ వెళ్ళనే లేదు, పుస్తకం మాత్రం వెళ్ళింది. రెండు వందల ఏళ్ళ తరువాత ఆ ప్రతులను వెదికి పట్టుకుని, 1907-08లో నాలుగు సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం ఇర్విన్ ఎవరనుకున్నారు? ఐ.సి.ఎస్. నుంచి రిటైరైన ఉద్యోగి! పెన్షనర్ మిత్రులు గమనించాలి.

మనూచి పంపిన బొమ్మల పుస్తకాల్లో మొగలు పాదుషాల చిత్రాలున్నదాన్ని నెపోలియన్ కాలంలో ప్యారిస్‌కు పట్టుకుపోయారు. మన దేవతలు, పండుగలు, ఆచారాల చిత్రాలున్నది వెనిస్‌లోనే, సెయింట్ మార్క్ చౌకులోని మార్చియానా గ్రంథాలయంలో ఉంది. నా జాబితాలో మొదటి పేరు అదే.

ఇక ప్రయాణం సంగతి. వెనిస్ నూటికి పైగా చిన్న దీవుల మీద, బురదలో దింపిన కొయ్య దిమ్మెల మీద కట్టిన ఊరు. లోపల కారు, ఆటో ఏవీ తిరగవు. నాలుగు వందలకు పైగా వంతెనలు, చాలావాటికి మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఇది ముందే ఆలోచించుకోవాలి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పగటిపూట చూసి వెళ్ళేవారి నుంచి 2024 నుంచి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. రాత్రి బస చేసేవారికి అది లేదు. అబ్బాయి నవంబరులో టికెట్లు చవక అన్నాడు. 1966లోనూ, 2019లోనూ ఆ ఊరిని ముంచెత్తిన పెద్ద వరదలు వచ్చింది నవంబరులోనే. 2020 నుంచి సముద్రానికి అడ్డంగా ఇనుప తలుపులు లేపుతున్నారు గాని, నాకు అంతకన్నా పెద్ద అడ్డంకి ఉంది. నవంబరు మనకు లైఫ్ సర్టిఫికెట్ నెల. అందుకని ఏప్రిల్ ఖాయం చేశాం.

ఆ బొమ్మల పుస్తకం చూడనివ్వమని గ్రంథాలయం వారికి ఇంగ్లీషులో ఒక అర్జీ వ్రాశాను. మనవరాలు తప్పులు దిద్ది పంపింది. జవాబు ఇంకా రాలేదు.